ఊపిరి లేని పాఠం

నేను ఒక వస్తువునని చెప్పుకోవచ్చో లేదో నాకింకా తేలడం లేదు. నన్ను చేత్తో పట్టుకున్నవాళ్లు లేరు, నేను కిందపడి సొట్టపోయిందీ లేదు. గొంతును పట్టి ఉంచి, కావలసినట్టు కత్తిరించి అతికించే సాఫ్ట్‌వేర్‌ని. నన్ను తయారు చేసినవాళ్లలో చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఉద్యోగాలు ముగించుకుని ఇళ్లలో కూర్చుని, ఒకరు రాసినదాన్ని ఇంకొకరు దిద్దుతూ, చిన్న గీత కోసం కూడా పోట్లాడుకుంటూ నన్ను పెంచారు. పెంచి, ధర పెట్టకుండా లోకంలోకి వదిలేశారు. నా లోపలి రాతను ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చుకోవచ్చు. అందుకే మనుషులు నన్ను మొదట నమ్మరు. ఊరికే వచ్చినదానిలో ఏదో మోసం ఉండి తీరాలని వాళ్ల లెక్క.

ఒకే సమయంలో ఎన్నో ఇళ్లలో ఉంటాను. ఒకచోట చేపలబండి కేకను పెద్దది చేస్తుంటాను, మరోచోట పెళ్లి పాటలో మైకు గరగరను తుడుస్తుంటాను. ఎక్కడైనా అందరూ మొదట చేసే పని ఒక్కటే. రెండు ముక్కలు మాట్లాడి, తిరిగి విని, “ఛీ, ఇది నా గొంతా” అంటారు. పాపం, వాళ్లు పుట్టినప్పటినుంచీ తమ గొంతును సగం పుర్రె లోపలినుంచే వింటున్నారు. బయటివాళ్లకు తామెలా వినిపిస్తారో నా దగ్గరే తెలుస్తుంది. అద్దంతో రాజీపడిన మనిషికి కూడా నాతో రాజీపడడానికి కొంత కాలం పడుతుంది.

కుముదిని ఎన్నడూ రాజీపడలేదు.

ఆమె విజయనగరంలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తుంది. నెత్తురు సీసాలతో మాట్లాడక్కర్లేదు కాబట్టి ఆ పని ఆమెకు హాయి. ఆమెకు నత్తి. ఆమె గురించి నాకు తెలిసినదాంట్లో చాలావరకు మైకు దగ్గర విన్నదే. ఈ సంగతి మాత్రం వినకముందే చూశాను. నా తెర మీద మాట ఒక కొండలా లేస్తుంది. ఆమె మాటకు ముందు చిన్నచిన్న మట్టిదిబ్బలు వరసగా లేచి, వాటి తర్వాత కొండ వచ్చేది.

చూపులేని విద్యార్థులకు పుస్తకాలు చదివి రికార్డు చేసిచ్చే బృందంలో ఆమె చేరింది. ఆదివారం మధ్యాహ్నాలు ఫ్యాను ఆపి, బీరువా తలుపులు బార్లా తెరిచి, వేలాడే చీరలకు ఎదురుగా కూర్చునేది. గదిలో మోగే ప్రతిధ్వనిని చీరలు మింగేస్తాయి. వంటింట్లోంచి వదిన సత్యవతి తొంగిచూసేది.

“ఏటి కుముదం, చీరలకి పాఠాలు సెప్తన్నావా? మధ్యలో నా కుక్కరు కూస్తే తిట్టుకోకు.”

“తి… తిట్టుకోను వదినా. కో… కోసేస్తాను.”

“నన్ను కూడా కోసెయ్. మీ అన్నయ్య ఎన్నాళ్లనుంచో అదే అడుగుతున్నాడు.”

కోయడంలో కుముదిని నేర్పు చూస్తే నాకే భయం వేసేది. కుక్కరు కూత, కాకి అరుపు, తన మట్టిదిబ్బలు, అన్నీ పోయేవి. అంతటితో ఆగేది కాదు. తడబాటుకు ముందు తను గట్టిగా ఊపిరి తీస్తుందని ఒకనాడు కనిపెట్టింది. ఆ ఊపిరి వింటే జరగబోయేది ఎవరికైనా తెలిసిపోతుందనుకుంది. అప్పటినుంచి ఊపిరులన్నీ తీసేసింది. మిగిలిన గొంతు ఎక్కడా ఆగదు, దేనికీ జంకదు. పని అయ్యాక కళ్లు మూసుకుని వినేది. అది ఆమె కావాలనుకున్న మనిషి. ఆ మనిషిని నేనే తయారు చేస్తున్నానని కొన్నాళ్లు గర్వపడ్డాను కూడా.

ఒక్కచోటే చిక్కు. ప్రతి పాఠం మొదట పుస్తకం పేరూ, చదివినవాళ్ల పేరూ చెప్పాలని బృందం నియమం. మిగతా మాటలు ఎంతోకొంత లొంగేవి గాని, తన పేరు లొంగేది కాదు. నోరు మొదటి అక్షరం దగ్గరే ఉండిపోయేది. చిన్నప్పుడు పిల్లలు కూకూ రైలని ఏడిపించేవారట. చివరికి ఆమె పేరును కూడా కోతపనితోనే సాధించింది. “కులం” లోంచి మొదటి అక్షరం, “మునగ” లోంచి రెండోది, “మేదిని” లోంచి మిగతాది తీసి అతికించింది. మూడు వేర్వేరు రోజుల గొంతులతో ఒక పేరు. దాన్నే ప్రతి పాఠానికీ తలకట్టుగా పెట్టేది.

ఒక ఆదివారం ఆమె పాఠం మొదలుపెట్టకుండా, ఫోన్లో వచ్చిన ఒక గొంతును తెచ్చి నాలో తెరిచింది. కాకినాడ హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షకు చదువుతున్న యేసురత్నం పంపినది. ఆమె పాఠాలు అతనికే వెళుతున్నాయి.

“అక్కా, నమస్కారమండి. చరిత్ర పాఠాలు బాగున్నాయండి. కాకపోతే ఒక్క ఇబ్బందండి. నేను వింటా, పలక మీద బ్రెయిలు చుక్కలు పొడుచుకుంటానండి. రెండు చేతులూ ఖాళీ ఉండవు, ఆపుకుని రాసుకుందామంటే కుదరదు. చదివేవాళ్లు ఊపిరి తీసినప్పుడే నేను గబగబా పొడిచేసుకోవాలండి. మీరేమో ఊపిరే తీయరు. సగం పాఠం పోతందండి. పరీక్ష దగ్గరకొచ్చేసింది.”

కొంచెం నవ్వి మళ్లీ అందుకున్నాడు.

“మా రూములోవాళ్లేమో అది మిషను గొంతురా, ఆ పేరు చూడు, ఏ మనిషైనా సొంత పేరు అలా ముక్కలుముక్కలుగా చెప్పుకుంటాదా అని ఒకటే ఎగతాళండి. నేను కాదన్నానండి. మిషనైతే చెప్పేయండి, నేనేం అనుకోను. మనిషే అయితే మాత్రం పేరు మీరు చెప్పండక్కా.”

ఆమె దాన్ని మళ్లీమళ్లీ విన్నది. అతని మాటల మధ్య పెద్ద ఖాళీలున్నాయి, వాటిలో ఊపిరుంది, ఎవరో బకెట్ జరిపిన చప్పుడుంది. ఆ ఖాళీల మీద ఆమె బాణం గుర్తు చాలాసేపు నిలిచింది. తర్వాత తన పాత పాఠాన్ని పక్కనే తెరిచింది. ఎక్కడా సందు లేని గోడ. నేను చేసిన పనిని వెనక్కి తీసుకోగలనని గొప్పగా చెప్పుకుంటాను. కాని ఎప్పుడో కోసి, పారేసి, మూసేసిన ఊపిరిని తెచ్చివ్వడం నాకూ చేతకాదు. చప్పుడు లేని ఖాళీలు చొప్పించి చూసింది. ఆ ఖాళీలో ఎవరూ లేరు, మిషను ఆగినట్టే ఉంది.

మళ్లీ చదవక తప్పలేదు. చీరల ముందు కూర్చుని, ఊపిరి తీసి, మొదలుపెట్టింది. మట్టిదిబ్బలు లేచాయి. సగంలో మైకు ఆపి ఏడ్చిందనుకుంటాను, తిరిగి మొదలుపెట్టినప్పుడు గొంతు తడిగా ఉంది. వదిన గుమ్మం దగ్గరకు వచ్చింది.

“ఏటమ్మా, ఈసారి కొయ్యట్లేదా?”

“అ… అతను రాసుకోవాలి వదినా.”

“మరయితే నేను వంట ఆపుతాను, నువ్వు కానియ్,” అని సత్యవతి స్టవ్ కట్టేసింది. ఆ చిటుక్కుమన్న చప్పుడు కూడా నాలో పడింది.

పాఠం అంతా అయ్యాక మొదటికి వచ్చింది. అతికించిన పాత పేరు అక్కడే ఉంది, ఎప్పటిలా నునుపుగా, ఎవరిదీ కానట్టుగా. దాన్ని తీసేసింది. ఎర్ర బొత్తాం నొక్కింది.

“చ… చదివినది…”

ఆ తర్వాత ఊపిరి. గదిలో ఏ చప్పుడూ లేదు. తెర మీద గీత సన్నగా పాకుతూ పోతోంది. నేను మనిషినై ఉంటే ఆమెకు బదులు ఆ పేరు చెప్పేసేవాణ్ని. కాని నాకు వినడం తప్ప మరో విద్య రాదు, ఆ క్షణాన అదే మంచిదయింది.

“కు… కు… కు… కుముదిని.”

మూడు దిబ్బలు, ఒక కొండ. ఆమె బాణం గుర్తు అలవాటుగా వెళ్లి మూడు దిబ్బలనూ పట్టుకుంది. అవి నీడ కమ్మినట్టు నల్లబడ్డాయి. ఒక్క మీట నొక్కితే పోతాయి. వేలు ఆ మీట మీద ఆనే ఉంటుంది, దాని బరువు నాకు తెలియలేదు గాని, నొక్కలేదని మాత్రం తెలిసింది. కాసేపటికి ఆమె తెర మీద ఖాళీగా ఉన్నచోట ఒకసారి నొక్కింది. నీడ తొలగింది. మూడు దిబ్బలూ తిరిగి తమ రంగులోకి వచ్చాయి.

కుముదిని దాన్ని అలాగే కాకినాడకు పంపించింది.