ఈశాన్యం మూలలో సన్న మిషన్

జగన్మోహన్ దగ్గర మట్టి తవ్వే మిషన్లు మూడున్నాయి. నారాయణగూడలో ఒక సందు చివర రేకుల షెడ్డు, దాని ముందు అవి వరసగా నిలబడి ఉంటాయి. పెద్దది అయిదు టన్నులది. రోడ్డు పక్క జాగా దొరికితే ఒక్క పూటలో పాత ఇంటి శిథిలాలన్నీ ఎత్తిపోస్తుంది. రెండోది గుండ్రం వీపుది. ఉన్నచోటే గిర్రున తిరిగినా దాని వీపు చక్రాల పట్టా దాటి బయటికి రాదు. మూడోది సన్నది. పట్టాలు లోపలికి జరిపితే నాలుగడుగుల దారిలోనూ దూరిపోతుంది. కానీ పక్కకు తిరిగిందంటే వెనకున్న ఇనప బరువు అడుగున్నర మేర బయటికి పొడుచుకొస్తుంది.

సంయుక్త ఆ షెడ్డులో ఫోన్లెత్తే పిల్ల. నర్సంపేట దగ్గరి ఊళ్లో చదువుకుని, రెండేళ్ల క్రితం ఇక్కడ పనికి కుదిరింది. మాట తక్కువ. మిషన్లు లారీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రం ఫోను చెవిన పెట్టుకునే కన్నార్పకుండా చూసేది. అది గమనించి జగన్మోహన్ ఒకనాడు కొలత టేపు ఆమె చేతిలో పెట్టాడు.

“మూడు సైట్లున్నయి. చూసొచ్చి ఏ మిషన్ యాడికి పోవాల్నో చెప్పు. నీ లెక్క కుదిరితే ఇగ సైట్లన్నీ నువ్వే చూసుకుందువు. లేకుంటే ఈ ఫోన్లు ఉండనే ఉన్నయి.”

నారాయణగూడలో కూల్చిన ఇల్లు రోడ్డు మీదే ఉంది, పెద్దదానికి ఇబ్బంది లేదు. చిక్కడపల్లి సందులో మురుగు పైపుకి గాడి తీయాలి. ఇరుపక్కలా ఇళ్ల మెట్లు, నిలిపిన బళ్లు. అక్కడ గుండ్రం వీపుదే నయమనుకుంది. అశోక్ నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ వెనక నీళ్ల సంపు తవ్వాలి. పక్కనున్న దారి నాలుగున్నర అడుగులే, గుండ్రం వీపుది పట్టదు. రెండుసార్లు కొలిచి, సన్నది అని రాసుకుంది. మూడూ సరిగ్గానే ఎంచానన్న తృప్తితో ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

గురువారం పొద్దున హాస్టల్ పెరట్లోకి వెళ్లేసరికి సన్న మిషన్ అప్పటికే లోపల ఉంది. మట్టెత్తే బకెట్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. డ్రైవర్ మొగిలయ్య సీట్లో కూర్చున్నాడు. హాస్టల్ యజమాని సూర్యనారాయణమూర్తి పట్టుపంచె కట్టుకుని, గడియారం చూసుకుంటూ తిరుగుతున్నాడు. ముహూర్తానికి ఇంకా పది నిమిషాలుంది.

గొయ్యి కొలతకు పోసిన ముగ్గు మాత్రం ఆమె అనుకున్నచోట లేదు. పెరడు మధ్యలో విశాలమైన చోటు ఖాళీగా ఉంది. ముగ్గు ఆ చివర, ఈశాన్యం మూలలో ఉంది. అక్కడ వంటగది గోడ ముందుకొచ్చి, దానికీ ప్రహరీకీ మధ్య ఆరడుగులే మిగిలింది. సంయుక్త ఊళ్లో నీళ్లు చూసేవాడు కొబ్బరికాయ పట్టుకుని నడిచేవాడు, ఎక్కడ కాయ లేచి నిలబడితే అక్కడ బావి తవ్వేవారు. నగరంలో నీళ్లు ఎక్కడినుంచి వచ్చినా సంపు మాత్రం వాస్తు ప్రకారం ఈశాన్యంలోనే ఉంటుందని ఆమెకు తెలియదు. దారి కొలిచింది గానీ గొయ్యి ఎక్కడని అడగనే లేదు.

ఆమె గబగబా మూలకు వెళ్లి ప్రహరీ మీదుగా తొంగిచూసింది. అవతల బట్టలు ఇస్త్రీ చేసే మాసమ్మ బండి, పైన రేకులు. రేకుల దూలాలు ఈ గోడలోకే దిగగొట్టి ఉన్నాయి. గోడ పాతది, ఒంటి ఇటుకది. మిషన్ మట్టెత్తి పక్కకు తిరిగితే వెనక బరువు సరిగ్గా ఆ గోడకే తగులుతుంది. రేకుల కింద మాసమ్మ తల వంచుకుని చొక్కా మడతపెడుతోంది.

“మొగిలన్నా, జర ఆగు.”

ఇంజన్ చప్పుడులో ఆ మాట ఎవరికీ వినిపించలేదు. సంయుక్త ముందుకెళ్లి మిషన్‌కి అడ్డంగా నిలబడింది. మొగిలయ్య ఇంజన్ ఆపి చెయ్యి తిప్పాడు. “ఏంది బిడ్డా, సెల్ఫీ దిగుతవా?”

“ఇక్కడ తిరగొద్దన్నా. ఎన్కది గోడకు తాకుతది. గోడవతల మనిషున్నది.”

మూర్తి గబగబా వచ్చాడు. “తగుల్తుందా? మొన్న వచ్చి కొలిచింది నువ్వే కదమ్మా! ఏం కొలిచావ్, గాలినా?”

ఆమె చెవులు వేడెక్కాయి. “నేనే కొలిచినండి. దారి కొలిచిన, మూల కొలువలేదు. తప్పు నాదే.”

“తప్పు నీదైతే ముహూర్తం ఆగుతుందా? ఇంకా ఆరు నిమిషాలే ఉంది. సంపు మధ్యలో పెట్టమంటావా ఏంటి? మా సిద్ధాంతిగారు ఒప్పుకోరు.”

“మధ్యల వద్దండి. మూలలనే తవ్వుదం, తిరగకుంట.” ఆమె మొగిలయ్య వైపు చూసింది. “ముందుకు చూసే మట్టెత్తు. ఎత్తినంక అట్లనే ఎన్కకు రా. ఈ ఖాళీల తిరిగి ఒంపు. మల్ల పో.”

మొగిలయ్య గడ్డం గోక్కున్నాడు. “ప్రతి బకెట్‌కీ పోవుడు, వచ్చుడేనా? పూట పని రెండు రోజులైతది. రేపు నేను వేరే సైటుకు పోవాలె.”

“ఆ సైటోళ్లకు నేను చెప్త.”

“మీ సారుకు?”

“సారుకు కూడ నేనే చెప్త.”

మూర్తి పంచె కుచ్చిళ్లు సర్దుకుని నిట్టూర్చాడు. “సరే కానియ్యండి. ముహూర్తానికి మొదటి బకెట్ పడిందా, అదే నాకు చాలు.”

పడింది. మొగిలయ్య పళ్లెంలోంచి బత్తాయిని ఎత్తినంత మెల్లగా మట్టి ఎత్తి, అంగుళం అంగుళం వెనక్కి వచ్చి, ఖాళీలో ఒంపాడు. సంయుక్త గోడకీ మిషన్‌కీ మధ్యనున్న జాగా చూస్తూ, చెయ్యి ఊపుతూ దారి చెప్పింది. నాలుగో బకెట్ తర్వాత అతను ఆమె చేతినే చూస్తూ నడపసాగాడు. మేడమీద కిటికీలోంచి ఒకమ్మాయి, “అక్కా, ఎల్లుండి నాకు పరీక్ష. ఎప్పుడైపోతుంది?” అని అరిచింది. “రేపు సాయంత్రం” అని సంయుక్త పైకి చెప్పింది.

మధ్యాహ్నం జగన్మోహన్ ఫోన్ చేశాడు. ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. అతను అడిగింది ఒక్కటే.

“గోడ?”

“మంచిగనే ఉంది సార్.”

“రేపు పొద్దుగాల షెడ్డుకు రాకు. అక్కడనే ఉండి పని చేయించు. ఎల్లుండి సంగతి ఎల్లుండి చూద్దం.” పెట్టేశాడు. మెచ్చుకున్నట్టూ లేదు, తిట్టినట్టూ లేదు.

సాయంత్రం ఆమె చుట్టూ తిరిగి గోడ అవతలికి వెళ్లింది. మాసమ్మ తెల్ల చొక్కా దులుపుతోంది. మట్టి పొరలా పట్టి ఉంది.

“ఆ మిషన్ మీదేనా? పొద్దుగాలసంది ఎన్కకు ముందుకు, ఎన్కకు ముందుకు! ఒక్కతీర్గ తవ్వి పోరాదా? ఇరవై చొక్కాలు మల్ల ఉతకాలె. గిరాకోళ్లకు నువ్వు చెప్తవా?”

“రేపటికి అయిపోతది అక్క.”

“రేపు కూడనా!” మాసమ్మ చొక్కా పక్కన పడేసి చేతులు నడుమున పెట్టుకుంది.

సంయుక్త తిట్లన్నీ విన్నది. గోడ సంగతి చెప్పబోయి ఊరుకుంది. ఆ రేకుల కింద ఈమె రేపు కూడా నిలబడి ఇస్త్రీ చేసుకోవాలి, అక్కడ భయం పెట్టడం దేనికి? అవతల పట్టా కప్పుకుని ఆగిన మిషన్ దగ్గరికి వెళ్లి, అదనంగా ఉన్న ప్లాస్టిక్ పట్టా ఒకటి తెచ్చింది. మాసమ్మ ఇంకా తిడుతూనే దాని ఒక కొస పట్టుకుంది. మట్టి ఇటు పడకుండా ఇద్దరూ కలిసి గోడ పక్కన దాన్ని దూలానికి కట్టారు.