కుటుంబ కారణాలు

...అయినా పదకొండు నుంచి తొమ్మిదికి పడినప్పుడు ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు గదా, అనుకున్నాడు లెక్కల మాస్టారు, బోర్డు మీద తను గీసిన గీతను చూస్తూ. తొమ్మిది ఆరైనప్పుడూ అంతే. దీవి మొత్తానికి హైస్కూలు ఒక్కటే. పద్నాలుగేళ్ల కింద అతను లాంచీ దిగి చేరినప్పుడు, అతనితో కలిపి మగ టీచర్లు పదకొండుమంది. ఇద్దరు రిటైరయ్యారు, ఎనిమిదిమంది వెళ్లిపోయారు. వాళ్ల స్థానాల్లో వచ్చినవాళ్లంతా ఆడవాళ్లే. ఇప్పుడు అతనొక్కడు.

పదో తరగతికి గణాంకాలు చెప్పడానికి లోకంలో ఇన్ని అంకెలుండగా ఈ అంకెలే ఎందుకు తీసుకున్నట్టు? వర్షపాతం ఉంది, చేపల రేట్లున్నాయి. చెయ్యి తనంతట తనే గీసినట్టు గీసేసింది.

"గీతను వచ్చే ఏటికి పొడిగించండి" అన్నాడు.

ముందు బెంచీలో రెండు జడల అమ్మాయి స్కేలు పెట్టి చూసింది. "సున్నా వస్తోంది సార్."

"ఆ పై ఏటికి మైనస్ ఒకటి సార్!" వెనక నుంచి ఒకడు.

"మైనస్ ఒకటంటే ఎవర్రా?"

"రావాల్సినాయన రేవులోనే మనల్ని చూసి వెనక్కి పారిపోయాడని సార్."

క్లాసంతా ఘొల్లుమంది. మాస్టారూ నవ్వాడు. రెండు జడల అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"సున్నా అంటే... మీరు కూడా వెళ్లిపోతారా సార్?"

"గీత చెప్పేవన్నీ జరగాలని లేదమ్మా" అన్నాడు. కిటికీ దాకా వెళ్లాడు, బల్ల దగ్గరికొచ్చాడు, మళ్లీ కిటికీ దగ్గరికి. బదిలీ ఉత్తర్వు వచ్చి మూడు రోజులైంది. మడతలు అరిగేలా చదివాడు. చేరతానో లేదో రాసి, ఈ సాయంత్రం నాలుగు గంటల లాంచీకి పంపాలి. పంపకపోతే ఆ పోస్టు ఇంకొకరికి పోతుంది. ఆ సంగతి ఇక్కడి ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న భార్యకు తెలియదు. అసలు అతను బదిలీ అడిగాడనే తెలియదు.

స్టాఫ్ రూములో విద్యాశాఖ వారి వార్షిక పత్రం ఎదురు చూస్తోంది. ఏటా నింపేది అతనే.

"మాస్టారూ, అది నాలుగింటి లాంచీకి పడాలి" అంది హెడ్మాస్టరమ్మ. "ఈలోగా ఆ ఫ్యాను సంగతి కాస్త చూడండి, మూలుగుతోంది."

"నిచ్చెనేసినా నాకందదు మేడమ్. సైన్సు మేడమ్ నాకంటే పొడుగు."

"నేను పొడుగే అన్నయ్యా, పడితే సెలవు పెట్టాల్సొస్తుంది" అంది సైన్సు టీచరు. "మీరు పడితే లేచి దులుపుకుంటారు. ఒంటికాయ శొంఠికొమ్ములా ఉన్నారని గదా మిమ్మల్నింత జాగ్రత్తగా వాడుకుంటున్నాం!"

అందరూ నవ్వారు. ఇందులో అతనికి కష్టమేమీ లేదు. ఇక్కడ అతన్ని ఎవరూ బాధపెట్టలేదు. ఆడవాళ్ల మధ్య ఒక్కడై ఇబ్బంది పడ్డాడని చెప్పుకోవడానికి కూడా లేదు. మరి బదిలీ ఎందుకు అడిగినట్టు? ఒక్కొక్కరినీ రేవు దాకా సాగనంపి తిరిగొచ్చేటప్పుడు, తను ఉంటున్నవాడిలా కాక ఆగిపోయినవాడిలా నడవడం గుర్తొచ్చింది. వెళ్లాలని కాదేమో. వెళ్లగలవాడినని ఒకసారి అనిపించుకోవాలనేమో. ఉత్తర్వు చేతికొచ్చాక ఆ ఆనందం ఒక పూట నిలిచింది. తర్వాత మిగిలింది ఈ కాలు నిలవనితనమే.

పత్రంలో చివరి గడి: గతంలో వెళ్లినవారు, కారణాలు. పాత ప్రతి చూసి దించుకుంటున్నాడు. కుటుంబ కారణాలు. కుటుంబ కారణాలు. అనారోగ్యం. కుటుంబ కారణాలు. ఎనిమిదిమందిలో ఏడుగురిదీ అదే మాట. భూగోళం మాస్టారుదీ అదే. పెళ్లి లేదు, తల్లిదండ్రులు లేరు, కుక్కను కూడా పెంచుకోని మనిషికి కుటుంబమెక్కడిది? ఏళ్ల తరబడి ఈ మాటను తన చేత్తోనే ఎక్కిస్తూ, ఒక్కసారైనా ఆగి చూడలేదు.

తన దరఖాస్తులోనూ అదే రాశాడు. పక్క గదిలో ఆ కుటుంబం యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తుండగా, తలుపు ఓరగా వేసుకుని రాశాడు.

కలం ఆగిపోయింది. గడియారం రెండున్నర.

"అరగంటలో వస్తాను మేడమ్."

"ఫ్యాను?"

"వచ్చాక."

ఆస్పత్రి రెండు వీధులవతల. భార్య ఒక జాలరి బొటనవేలి కుట్లు విప్పుతోంది. తలెత్తి చూసింది.

"ఏమండీ, బడి వేళప్పుడు? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"మరి ఆ మొహమేంటి, లెక్కల్లో తప్పినవాడిలా?"

జాలరి పకపకా నవ్వాడు. "మాస్టారే తప్పితే ఇక మా పిల్లలేం పాసవుతారమ్మా!"

"కదలకండి, వేలు తెగుద్ది. మీరలా కూర్చోండి, ఈయన అయిపోనీండి."

కూర్చున్నాడు. లేచాడు. గోడ మీది ఎత్తు-బరువుల పట్టిక చదివాడు. ఏ వయసుకు ఎంత బరువో ఒక్కటీ తలకెక్కలేదు. మళ్లీ కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పకుండా సమ్మతి రాసేస్తే, సాయంత్రం ఇంటికెళ్లి, పైనుంచి హఠాత్తుగా వచ్చిందని అనవచ్చు. ఆమె నమ్ముతుంది. బదిలీ వేసినవాళ్లను రెండు రోజులు తిట్టి, తర్వాత పెట్టె సర్దుతుంది. అంత తేలిగ్గా నమ్ముతుందన్నదే అతన్ని కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వలేదు.

జాలరి వెళ్లిపోయాడు. ఆమె వీపు తిప్పి చేతులు కడుక్కుంటోంది.

"ఊఁ, ఇప్పుడు చెప్పండి."

ఆమె తిరిగేదాకా ఆగవచ్చు. ఆగితే మాట మారుతుందని అతనికి తెలుసు.

"బదిలీ వచ్చింది" అన్నాడు ఆ వీపుతోనే. "వాళ్లు వెయ్యలేదు. నేనే అడిగాను. నీకు చెప్పకుండా అడిగాను."