ఎవరెక్కడ కూర్చుంటారు

పదకొండో తరగతిలో సోషియాలజీ తీసుకుంటానని ఆమె అంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. "నలుగురి సంగతులు తెలుసుకోడానికి పుస్తకాలెందుకే? పిన్నినడిగితే పోలా!" అన్నాడు అన్నయ్య. గడియారాలు బాగుచేసే నాన్న మాత్రం నవ్వలేదు. "ఒక్క నెల చూస్తా. పనికొచ్చే చదువు కాదనిపిస్తే కామర్స్‌కి మార్పిస్తా" అన్నాడు.

ఆమెకు ఇప్పుడు యాభై దాటాయి. అయినా ఆ నెల నిన్నో మొన్నో గడిచినట్టుంటుంది. తరగతిలో ఉన్నది ఆరుగురే. ఆటసామాను గదిలో, బంతుల బుట్టల మధ్య పాఠాలు.

రోజూ వెళ్లే చోట ఎవరెక్కడ కూర్చుంటారో పటం గీసి, ఇంట్లో పెద్దవాళ్లతో సంతకం పెట్టించుకు రమ్మంది టీచరమ్మ. ఆమె తమ ఇంటివాళ్లు రోజూ వెళ్లే ప్రార్థన మందిరం గీసింది. అక్కడి ఏర్పాట్లన్నీ నాన్నే చూసేవాడు. ముందు వరసలో పెద్దలు, కిటికీల పక్కన ఆడవాళ్లు, స్తంభం చాటున కునికిపాట్లు పడే తాతలు... అందరికీ చుక్కలు పెట్టి మురిసిపోయింది.

"మరి చాపలు పరిచేదెవరమ్మా?" అంది టీచరమ్మ, పటం చూసి.

ఆ ప్రశ్నకు ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఊడ్చి, చాపలు పరిచి, గుమ్మంలో చెప్పుల దగ్గర కూర్చునే అవ్వ. ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్న మనిషి. ఆవిడకు చుక్కే లేదు.

సాయంత్రం వెళ్లి అడిగింది. "అవ్వా, నువ్వు లోపలికెందుకు రావు?"

"ఎవరూ వద్దనలేదు తల్లీ" అని నవ్వింది అవ్వ. "రమ్మనీ అనలేదు."

గుమ్మంలో చుక్క పెట్టి, ఆ మాటను ఉన్నదున్నట్టు కింద రాసింది. తీసుకెళ్లి నాన్న ముందు పెట్టింది. ఆయనకు కోపమొస్తే సంతకమూ ఉండదు, ఈ చదువూ ఉండదు. నాన్న కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే రెండుసార్లు చదివాడు.

"నా మీద ఫిర్యాదా ఇది?"

"కాదు నాన్నా. నేనూ చూడలేదుగా."

నాన్న భూతద్దం తీసి పక్కన పెట్టాడు. "ఇన్నేళ్లూ కళ్లు మూసుకుని దండం పెట్టడమే నేర్చుకున్నానే" అంటూ సంతకం గీశాడు. "కామర్స్ సంగతి మీ అన్నయ్య చూసుకుంటాడులే. నువ్వు ఇదే చదువు."

మర్నాడు అవ్వను లోపలికి పిలవడానికి ఆయనే వెళ్లాడు.

"నా మోకాళ్లు వంగవయ్యా. గోడకు ఆనుకునే చోటైతే చెప్పు, వస్తా" అంది అవ్వ.

మందిరంలో వీపు ఆనించి కూర్చునేలా గోడ వార ఉన్నది ఒక్కటే చోటు. అది నాన్నది.