ఖతర్నాక్ జాబితాలో గుర్వయ్య పేరు

మేకలు కాసుకునే గుర్వయ్య ప్రతి సోమవారం మూడు కోసులు నడిచి రామన్నపేట ఠాణాలో వేలిముద్ర వేసి వచ్చేవాడు. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, గుట్ట మీద ఆకలితో సోలిపోయి ఉన్న, సర్కారు మీద తుపాకి పట్టిన దళం వాళ్లకు చెంబెడు పాలు పిండి ఇచ్చాడు. ఆ సంగతి పోలీసులకు తెలిసింది. పట్టుకుపోయి కొట్టారు. నెల రోజులు ఉంచుకుని, పేరు జాబితాకెక్కించి, వారం వారం వచ్చి వేలిముద్ర వేయాలని చెప్పి వదిలారు.

"అండ్ల నా గురించి ఏమని రాసిన్రు సారూ?" అని ఒకసారి జవాను సైదులును అడిగాడు.

"ఖతర్నాక్ మనిషివని. నీతోని సర్కారుకు ముప్పట."

మందలో పడే తోడేలును ఖతర్నాక్ అంటే అర్థముంది. తను చేతికర్ర ఎత్తితే మేకలు కూడా జడవవు. అంత పెద్ద సర్కారు తనను చూసి ఎందుకు భయపడుతోందో గుర్వయ్యకు అంతుపట్టలేదు. ఊరు మాత్రం ఆ మాటను నమ్మింది. సొంత తమ్ముడే గడప తొక్కడం మానేశాడు.

పందొమ్మిది వందల యాభై రెండులో ఎన్నికలొచ్చాయి. ఆ దళాన్ని నడిపిన అమరేందర్ తుపాకి దించి, ఓట్లకు నిలబడి గెలిచాడు. ఒక సోమవారం ఆయన జీపు ఠాణా ముందు ఆగింది. ఠాణా పెద్ద అమీన్ సాబు ఎదురెళ్లి సలాం కొట్టాడు.

అమరేందర్ చూపు ఠాణా అరుగు మీద వేలిముద్ర కోసం కూర్చున్న గుర్వయ్య మీద పడింది. "గుట్ట మీద పాలు పోసిన గుర్వయ్యవు గాదె? ఈడెందుకు కూసున్నవ్?"

"మీకు పాలు పోసినందుకే సారూ."

అమరేందర్ ముఖం పాలిపోయింది. అమీన్ వైపు తిరిగి, "నాకేమో సలాం కొడుతున్రు. ఈయన ఇంకా ఖతర్నాకేనా?" అన్నాడు.

"మీ మీది కేసులు ఎత్తెయ్యమని పైనుంచి హుకుం వచ్చింది సార్. ఈయన గురించి ఏం రాలే."

అమరేందర్ అక్కడే కూర్చుని గుర్వయ్య పేరు తీసెయ్యమని అర్జీ రాశాడు. జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. అన్ని సోమవారాలూ గుర్వయ్య వానలో బురదలో నడుస్తూనే ఉన్నాడు.

చివరికి ఒకరోజు సైదులు, "నీ పేరు కొట్టేసిన్రు. ఇగ రాకు," అన్నాడు.

"ఏదీ, జర చూపియ్యి."

చదువు రాకపోయినా ఆ గీతను గుర్వయ్య చాలాసేపు చూశాడు. దాని కింద గీత పడని పేర్లు ఇంకా ఉన్నాయి.

"గీ పేరెవరిది?"

"గాడ కూసున్న బిక్షమ్మది. దళానికి రొట్టెలు చేసిచ్చింది."

అరుగు చివర ముసలామె తన వంతు కోసం ఎదురుచూస్తోంది. ఇన్నాళ్లుగా చూస్తున్నా ఆమె పేరు అతనెన్నడూ అడగలేదు. ఇంటికి బయల్దేరినవాడల్లా వెనక్కి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ముద్రేసి రా, అవ్వా. అమరేందర్ సారు ఊళ్లెనే ఉన్నడట. ఇద్దరం కలిసి పోదాం."