పాయింటు చూసే చెయ్యి

తలకు పోసుకొని తడి పంచె పిండబోతే అది శ్రీరంగప్ప కుడిచేతిలోంచి జారి బండమీద పడింది. ఎడమచేత్తో తీసి పిండుకున్నాడు. నాలుగు నెలలుగా ఇదే వరస. అరచెయ్యి ఉందంటే ఉంది, అంతే. వేడి చెంబు పట్టుకున్నా కాలదు, ముల్లు దిగినా తెలియదు.

వేరేవాళ్ళకైతే ఇంకో చెయ్యి ఉంది కదా అని సరిపెట్టుకోవచ్చు. శ్రీరంగప్ప బతుకంతా ఆ అరచేతిలోనే ఉంది. టెంకాయను అందులో అడ్డంగా పెట్టుకొని చేనంతా తిరుగుతాడు. కింద నీళ్ళుంటే చెయ్యి జివ్వుమంటుంది, టెంకాయ లేచి నిలబడుతుంది. అక్కడే బోరు పాయింటు. కదిరి చుట్టుపక్కల ఇరవై ఏళ్ళుగా ఆయన చూపించిన చోటే బోర్లు వేస్తున్నారు. నీళ్ళు పడితే శ్రీరంగప్ప చేతి మహిమ, పడకపోతే రైతు తలరాత. ఎంత సుఖమైన ఉద్యోగమో చూడండి!

ఆ సాయంత్రం తిప్పయ్య చేన్లో పాయింటు చూడాలి. వానలు మొహం చాటేసి అది మూడో ఏడు. పోయిన నెల తిప్పయ్య వేసిన బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ పాయింటూ శ్రీరంగప్ప చూపించిందే. అయినా తిప్పయ్య తన రాతనే తిట్టుకొని, ఇంకో బోరు కోసం కాడెద్దులు అమ్మి, మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చాడు. సూదుల డాక్టరమ్మ సాయంత్రంలోగా చెయ్యి బాగుచేస్తుందన్న ఆశతో, మోకాలి నొప్పని అందరికీ చెప్పి శ్రీరంగప్ప బస్సెక్కాడు.

కదిరిలో మందుల షాపు పైన రెండు గదులు. సూదులు గుచ్చి నయంచేసే ఆక్యుపంక్చర్ వైద్యం డాక్టరు రేఖ బెంగళూరులో నేర్చుకొని వచ్చింది. చెయ్యి సంగతి విని నాలుక చాపమంది. రెండు చేతుల నాడీ చాలాసేపు పట్టి చూసింది.

"తిని వచ్చినావా పెద్దాయనా? ఖాళీ కడుపున సూదులు పెట్టకూడదు."

"తిన్నా తల్లీ."

పాయింటు చూసే రోజు ఆయనకు ఒక్కపొద్దు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఇంజెక్షను సూదులేమోనని ఆయన భయపడ్డాడు గానీ, అవి వెంట్రుకల్లా ఉన్నాయి. మోచేతి దగ్గర వేలితో తడిమి తడిమి ఆమె ఒకచోట ఆగింది.

"ఇదీ పాయింటు."

శ్రీరంగప్ప ఉలిక్కిపడ్డాడు. "మీకూ పాయింట్లేనా తల్లీ?"

"మాకూ పాయింట్లే," అని ఆమె నవ్వింది. "కండ్లు మూసుకో. బరువుగానో, లాగినట్టో, జివ్వుమన్నట్టో ఉంటాది. ఉంటే చెప్పాల. తెలుస్తాందా?"

"తెలుస్తాంది."

"మణికట్టు కాడ?"

"తెలుస్తాంది."

"అరచేతిలో?"

"బాగా తెలుస్తాంది తల్లీ."

"అరచేతిలో నేనింకా ఏమీ పెట్టలేదు పెద్దాయనా," అంది రేఖ మెల్లగా.

శ్రీరంగప్పకు ఒళ్ళంతా చెమటలు పోశాయి. సిగ్గో ఆకలో, గది గిర్రున తిరిగింది. ఆమె గబగబా సూదులు తీసేసి, కాళ్ళ కింద దిండు పెట్టి, చక్కెర నీళ్ళు తాగించింది. కోప్పడలేదు. అదే ఆయనకు ఎక్కువ బాధయింది.

"ఒక్క పూటలో పొయ్యేది కాదిది. పదిసార్లన్నా రావాల. అప్పటికైనా బాగయితాదా అంటే, నేను చెప్పలేను."

చెప్పలేను! ఇంత చదువుకున్న మనిషి ఎంత సులువుగా అనేసింది! ఇరవై ఏళ్ళలో ఆ మాట తన నోట ఒక్కసారి కూడా రాలేదని ఆయనకు గుర్తొచ్చింది.

మెట్లు దిగేసరికి చేనికి పిలుచుకుపోవడానికి వచ్చిన తిప్పయ్య షాపు ముందు బెంచీ మీద ఎదురుచూస్తున్నాడు, ఒళ్ళో ఒక మూటతో.

"మోకాలి నొప్పి తగ్గిందా అన్నా? ఒక్కపొద్దుంటావని మా ఆడామె సంగటీ, నంజుకొనేకి ఊరిబిండీ కట్టిచ్చినాది. పాయింటు చూసినంక తిందువులే, పద."

పద అంటే సరిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. శ్రీరంగప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నొప్పి మోకాలికి కాదప్పా. నా చేతికి ఏమీ తెలీడం లేదు. నాలుగు నెల్లాయ. పోయిన నెల నీ చేన్లో గూడా ఏమీ తెలీలా. ఊరికే చూపిచ్చినా."

తిప్పయ్య ఆ చేతివైపు చూశాడు.

"ఆ పొద్దే చెప్పింటే ఎద్దులన్నా ఉండేటివి కదన్నా," అన్నాడు.

తిట్టలేదు. మూట పక్కన పెట్టి లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకొని, బస్టాండు వైపు నడిచాడు. తిప్పయ్య వెనక్కి చూడకుండా జనంలో కలిసిపోయాడు.

బెంచీ మీద, పాత చీర పేలికలో ముడేసిన సంగటి గిన్నె మాత్రం అలాగే ఉండిపోయింది.