నాటకంలో నాన్న

అమెరికాలో, వలస వచ్చిన యూదులు కిక్కిరిసి ఉండే లడ్లో వీధిలో, ఒక అద్దె మేడ నాలుగో అంతస్తులో బ్రైనా కూతురితో ఉండేది. చొక్కాలకు కాజాలు కుట్టి బతికేది. రుమేనియాలో ఉన్నప్పుడే, ఆమె కడుపుతో ఉండగా, మొగుడు లేజర్ అమెరికా వచ్చేశాడు. కొన్నాళ్లు ఉత్తరాలు రాశాడు. తర్వాత అవీ ఆగిపోయాయి. పిల్ల కాస్త పెద్దదయ్యాక బ్రైనా తనే ఓడెక్కి వచ్చి, తమ ఊరి నుంచి వచ్చినవాళ్లందర్నీ అడిగింది, ప్రార్థన జరిగే చోటల్లా వాకబు చేసింది. ఎక్కడా జాడ లేదు. వాళ్ల మతాచారంలో విడాకులివ్వకుండా మొగుడు మాయమైతే ఆడదాని బతుకు అక్కడే ఆగిపోతుంది. మళ్లీ పెళ్లి లేదు, విధవ అనిపించుకునే వీలూ లేదు.

కూతురు రైజెల్ అడిగినప్పుడు మాత్రం, నాన్న ఓడలో జ్వరమొచ్చి పోయాడని చెప్పింది. వదిలేశాడని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆ చలికాలం పక్క వాటా పెసియా, కుట్టుపనివాళ్ల సంఘం ఇచ్చిన నాటకం టిక్కెట్లు పట్టుకొచ్చింది.

"ఎప్పుడు చూసినా ఆ కాజాల్లోనే తల దూర్చుకుంటావేమే? లే. సెకండ్ అవెన్యూలో కొత్త పాటల నాటకమట. మనలాంటి కొంపేనట, మనలాంటి ఏడుపేనట."

"మన ఏడుపు చూడ్డానికి అంత దూరం పోవాలా అక్కా? ఇక్కడ తక్కువైందా?"

"ఇక్కడ పాటల్లేవు కదే. నడు."

రైజెల్‌నీ వెంటబెట్టుకుని వెళ్లారు. తెర లేవగానే హాలంతా గొల్లున నవ్వింది. వేదిక మీద అచ్చం వాళ్ల వంటిల్లే. కిటికీకి కట్టిన బట్టల తీగ, పొయ్యి మీద బీట్‌రూట్ చారు, మూల మంచం అద్దెకు తీసుకున్న పరాయి మనిషి గురక. బాల్కనీలోంచి జనం పాత్రల్ని పేరు పెట్టి పిలిచి మరీ సలహాలిస్తున్నారు. ఇంతలో తోపుడు బండి మీద ఉప్పులో ఊరిన దోసకాయలమ్మే తండ్రి వేషం వేసినతను, తెర వెనక నుంచే పాట ఎత్తుకున్నాడు.

బ్రైనా కొరుకుతున్న గుమ్మడిగింజ పళ్ల మధ్య అలాగే ఉండిపోయింది.

మొహం తర్వాత కనిపించింది. గడ్డం అంటించుకున్నాడు, నడుం వంచుకున్నాడు, వేరే పేరు పెట్టుకున్నాడు. గొంతు మాత్రం లేజర్‌దే.

నాటకంలో చిన్నకూతురికి జబ్బు చేసింది. తండ్రి మంచం పక్కన మోకాళ్ల మీద కూచుని, నువ్వు లేని ఊళ్లో నాకు బంగారమెందుకు తల్లీ అని పాడాడు. పెసియా శాలువా అంచుతో ముక్కు తుడుచుకుంది. రైజెల్ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, నాన్న కూడా ఇలా పాడేవాడా?"

"పాడేవాడు."

"నా కోసమా?"

"నువ్వప్పటికి పుట్టలేదు కదమ్మా," అంది బ్రైనా.

మర్నాడు మధ్యాహ్నం ఆమె పనికి పోలేదు. నాటకశాల వెనక గుమ్మం దగ్గర నిలబడింది. అతను బొచ్చు కాలరు కోటులో వచ్చాడు, ఆమెను చూసి ఆగిపోయాడు. తెలియనట్టు నటించలేదు, అంతవరకు నయం.

"లోపలికి రా. ఇక్కడ చలిగా ఉంది," అన్నాడు.

"ఇన్నేళ్ల చలి నీకిప్పుడు తగిలిందా?"

అతను గోడకు ఆనుకున్నాడు. "నాకిప్పుడు వేరే ఇల్లుంది బ్రైనా. నాటకంలో నా పెళ్లాంగా వేసేది నా పెళ్లామే. ఇద్దరు మగపిల్లలు."

"నాకొక ఆడపిల్ల. పేరైనా తెలుసా నీకు?"

అతను తల దించుకున్నాడు.

"రైజెల్. మీ అమ్మ పేరే పెట్టాను. నిన్న నీ పాట విని వెక్కి వెక్కి ఏడ్చింది."

"నన్ను గుర్తుపట్టిందా?"

"ఎట్లా పడుతుంది? నువ్వు చచ్చిపోయావని చెప్పాను."

దారంతా ఆమె అనుకున్నది ఒకటే. ఆ మాట వినగానే అతను విలవిల్లాడతాడని, నా బిడ్డను చూపించమంటాడని. చూపించనని గట్టిగా చెప్పడానికి మాటలు కూడా కూర్చుకుంది. అతను బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు.

"అయితే అలాగే ఉండనీ," అన్నాడు. "దానికదే మంచిది."

కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ బ్రైనాకు గుర్తు రాలేదు. "నాకు విడాకులు ఇచ్చెయ్," అని మాత్రం అంది.

ఇచ్చాడు. మతగురువు రబ్బీ ఇంటి ముందుగదిలో, ఇద్దరు సాక్షుల ఎదుట, ఆమె దోసిలి పట్టింది. అతను మడిచిన కాగితం అందులో వదిలి, ఈ క్షణం నుంచి నువ్వు ఏ మగవాడినైనా కట్టుకోవచ్చు అన్నాడు. ఆ మాటలు కూడా ఎంతో చక్కగా పలికాడు. సాక్షుల్లో ముసలాయన తల ఊపాడు, పాట విన్నవాడిలా. బ్రైనా దోసిలి మూసి, ఆచారం ప్రకారం గుమ్మందాకా నడిచి వెనక్కి వచ్చింది.

కొన్ని వారాల తర్వాత రైజెల్ బడి నుంచి ఆలస్యంగా వచ్చింది. చేతులు చలికి ఎర్రబడి ఉన్నాయి.

"ఎక్కడికెళ్లావే?"

"నాటకం ఆయన్ని చూడ్డానికి. వెనక గుమ్మం దగ్గర చాలామంది అమ్మాయిలు నిలబడతారమ్మా. ఆయన అందరితో నవ్వుతూ మాట్లాడాడు, ఒకమ్మాయి జడ కూడా లాగాడు. నన్ను పేరడిగాడు. చెప్పాను. ఎవరి పిల్లవన్నాడు. మా అమ్మ బ్రైనా, కాజాలు కుడుతుందని చెప్పాను."

బ్రైనా సూది ఆగింది. "తర్వాత?"

"చలిగా ఉంది, ఇంటికి పో అన్నాడు. గబగబా లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. నాతో ఒక్కదాంతోనే నవ్వలేదమ్మా. నేనేమన్నా తప్పు మాట్లాడానా?"

"లేదు నా తల్లీ. నువ్వేం తప్పు మాట్లాడలేదు."

"ఆయన మంచివాడు కాదేమో. నాటకంలోనే మంచివాడేమో."

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. బ్రైనా కుట్టుపని పక్కన పెట్టి, పిల్ల చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని రుద్దసాగింది.

"అలసిపోయి ఉంటాడులే," అంది. "రోజూ అంత ఏడుపు పాడాలంటే మాటలా."

రైజెల్ కాస్త ఆలోచించి, నమ్మింది. ఆకలేస్తోందంది. బ్రైనా లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి, పిల్లకు వీపు పెట్టి, చారు కాగేదాకా అక్కడే నిలబడింది. చారు కాగి పొంగింది. అయినా ఆమె ఇటు తిరగలేదు.