తొట్టి కాడికి రావద్దు

పారుడు రోగం ఓబులమ్మ మేకల మందలోకి వచ్చినప్పుడు ముందు జీవాల ముక్కులు కారాయి. తర్వాత నోళ్లు పుండ్లు పడ్డాయి. మేత ముట్టక, నీళ్లలా పారుకుంటూ పిల్లలు పడిపోయాయి. వాటి వెనకే తల్లులు. మార్కాపురం నుంచి వచ్చిన పశువుల డాక్టరు సూదులు వేశాడు గానీ, ఈ వైరస్‌ను చంపే మందు లేదని చెప్పాడు.

"వేరే మందతో కలవనీయొద్దమ్మా. ఒకే తొట్టిలో నీళ్లు తాగినా అంటుకుంటది."

ఓబులమ్మకు వెంటనే చెల్లెలు గుర్తొచ్చింది. వెలిగండ్ల వైపు కుంటలు ఎండిపోతే శ్రీశైలమ్మ గొర్రెలను తోలుకుని అక్క దగ్గరికే వస్తుంది. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. మళ్లీ మళ్లీ చేసినా అదే.

మర్నాడు ఓబులమ్మ మొగుడు పిచ్చయ్య చచ్చిన జీవాలకు గుంట తవ్వుతుండగా డొంక దారిలో దుమ్ము లేచింది. ఓబులమ్మ కర్ర పట్టుకుని ఎదురు పరిగెత్తింది.

"ఆడనే ఆగమ్మీ. రావద్దు."

శ్రీశైలమ్మ ఆగింది. ఆమె పెదాలు పగిలి ఉన్నాయి. "ఏందక్కా, కర్ర పట్టుకోని వచ్చినావు?"

"పారుడు రోగం తగిలింది. సగానికి పైన పోయినాయి. మీ బావ కూడు ముట్టడంలే. మళ్లించుకో."

"యాడికి? నిన్నటి నుంచి ఇవి చుక్క నీళ్లు తాగలేదు. బిందెతో తెచ్చి పొయ్యరాదా?"

"మా బిందెలు, నా చేతులు, అన్నీ రోగం అంటినవే."

"దప్పికతో సస్తే?"

ఇంతలో గొర్రెలకు నీళ్ల వాసన తగిలింది. మంద ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చింది. చెల్లెలి జీవాలను ఎన్నడూ అదిలించని ఓబులమ్మ వాటి మూతుల మీద కొట్టింది. శ్రీశైలమ్మ కూడా ఏడుస్తూనే కొట్టింది. అయినా ఒక చూడి గొర్రె తప్పించుకుని పోయి, ముక్కులు కారుతున్న మేకల మధ్య తొట్టిలో మూతి పెట్టింది.

శ్రీశైలమ్మ దాని వెనక పోబోతే ఓబులమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"దాన్ని ఇడిసిపెట్టు."

"అది చూడిదక్కా. ఈ వారంలోనే ఈనేది."

"తోలుకోనిపోతే మిగిలినవన్నీ పోతాయి."

శ్రీశైలమ్మ దుమ్ములోనే చతికిలబడింది. పిచ్చయ్య గుంట దగ్గర నుంచే కేకేసి, తర్లుపాడు పోయే దావలో బోరున్న బత్తాయి తోట ఉందని, ఆ రైతును బతిమాలుకోమని చెప్పాడు. ఆమె లేచి, అక్క ముఖం చూడకుండా మందను మళ్లించింది.

దావలో ఎండకు కొన్ని గొర్రెలు పడిపోయాయి. మిగిలినవి పొద్దు వాలేసరికి తోట చేరి నీళ్లు తాగాయి. ఓబులమ్మ ఫోన్ చేసి బతిమాలితే డాక్టరు అక్కడికే పోయి టీకాలు వేశాడు. వాటికి రోగం తగల్లేదు.

ఓబులమ్మ దగ్గర మిగిలిన చూడి గొర్రె మూడు నాలుగు రోజులు బాగానే ఉంది. తర్వాత దానికీ ముక్కు కారింది. కడుపులోని పిల్లను పోగొట్టుకుని, తెల్లారేలోగా చచ్చిపోయింది. ఓబులమ్మ దాన్ని తన చేతులతోనే పూడ్చింది.

చెల్లెలు ఫోన్ చేసిన రోజు ఓబులమ్మ మందలో లేవగలిగినవి నాలుగైదు మేకలే.

"నా గొర్రె ఈనిందా అక్కా?"

"లేదమ్మీ. పోయింది."

అవతల నుంచి గొర్రెల అరుపులు వినిపించాయి. ఓబులమ్మ చెవికి ఫోన్ ఆనించుకుని అవే వింటూ కూర్చుంది.

"బావ ఏమన్నా తింటుండాడా?" అని చివరికి శ్రీశైలమ్మ అడిగింది.